ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు: విప్పే ముందు రెండు అంకెలు చూడండి

ప్రశ్న: నా ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్ళయింది. విండోస్ మెషీన్, పల్చటిది. దాని మీదే ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్తాను. రెండు నెలల నుంచి దీని ఫ్యాన్ అసలు ఆగడం లేదు. ఆన్ చేసిన రెండు నిమిషాలకే హోరు మొదలవుతుంది. ఒక్క పేజీ టైపు చేసుకుంటున్నా అంతే. క్లాసులో పిల్లలు "మేడమ్, మీ వెనక ఏదో మెషీన్ తిరుగుతోంది" అంటున్నారు. మధ్యమధ్యలో కిర్రుమని కూడా వినిపిస్తుంది. దిండు వేసుకుని ఒళ్ళో పెట్టుకున్నా అడుగు వేడి తెలుస్తూనే ఉంటుంది. షట్‌డౌన్ చేయడం తక్కువ, పని అయ్యాక మూత మూసి పక్కన పెట్టేస్తాను. తెలిసినవాళ్ళలో ఒకరు ఫ్యాన్ మార్చమన్నారు. ఇంకొకరు ఫ్యాన్ స్పీడు తగ్గించే సాఫ్ట్‌వేర్ వేసుకోమన్నారు. మా అబ్బాయి కూలింగ్ ప్యాడ్ కొందామంటున్నాడు. ఏది చేయమంటారు?

జవాబు: మేడమ్, ముగ్గురూ మీ మంచి కోరే చెప్పారు. కానీ వైద్యుడు నాడి చూడకుండానే మందు రాసినట్టుంది. అసలు ఆ ఫ్యాన్ ఎందుకు అంతలా తిరుగుతోందో ఎవరూ చూసినట్టు లేరు. కాబట్టి ఇవాళ్టికి ఏదీ కొనకండి, ఏదీ విప్పకండి. స్పీడు తగ్గించే సాఫ్ట్‌వేర్ మాత్రం అసలు వేసుకోకండి.

ఎందుకో చెప్తాను. ల్యాప్‌టాప్ ఫ్యాన్ తనంతట తాను తిరగదు. మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అని ఒక చిన్న చిప్ ఉంటుంది. ప్రాసెసర్ లోపలి సెన్సర్లు ఎంత వేడి ఉందో చెప్తుంటే, దాన్ని బట్టి ఫ్యాన్‌కి ఎంత స్పీడు ఇవ్వాలో ఆ చిప్ నిర్ణయిస్తుంది. మీరు సాఫ్ట్‌వేర్‌తో ఫ్యాన్ గొంతు నొక్కితే శబ్దం పోతుంది, వేడి పోదు. ఎక్కువ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 95 నుంచి 105 డిగ్రీల సెల్సియస్ మధ్య ఎక్కడో ఒక గీత పెట్టుకుని ఉంటాయి. ఆ గీత దగ్గరికి రాగానే తమను తాము కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటాయి. అంటే చిప్ కాలిపోదు గానీ మెషీన్ నత్తనడక పడుతుంది. పక్కనే ఉన్న బ్యాటరీకి ఆ వేడంతా తగులుతుంది, లిథియం బ్యాటరీకి వేడి కంటే పెద్ద శత్రువు లేదు. హోరు పోయిందని మీరు సంతోషించేలోపే వీడియో తడబడటం మొదలవుతుంది.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట "కిర్రుమని". చాలామంది "సౌండ్ వస్తోంది" అని ఊరుకుంటారు. మీరు రెండు శబ్దాలు విడదీసి రాశారు. హోరు అనేది గాలి చేసే శబ్దం. ఫ్యాన్ వేగంగా తిరుగుతోందని, గట్టిగా గాలి తోలుతోందని అర్థం. కిర్రు అనేది రాపిడి శబ్దం. ఏదో ఒకటి ఇంకోదానికి రాసుకుంటోంది. ఈ రెండూ ఒకే రోగం కాకపోవచ్చు. ముందు హోరు సంగతి చూద్దాం.

చూడాల్సినవి రెండే రెండు అంకెలు. ప్రాసెసర్ ఎంత బిజీగా ఉంది, ఎంత వేడిగా ఉంది.

మొదటి అంకెకి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్న కిటికీలా వస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కండి. ప్రాసెసెస్ పేజీలో సీపీయూ (ప్రాసెసర్‌కే ఇంకో పేరు) అనే నిలువు వరస మీద క్లిక్ చేస్తే ఎక్కువ పని చేస్తున్నవి పైకి వస్తాయి. తెరవగానే కనిపించే అంకె నమ్మకండి, టాస్క్ మేనేజర్ తెరుచుకోవడానికే కాస్త పని అవుతుంది. చేయి మౌస్ మీద నుంచి తీసేసి ఒక నిమిషం ఆగి చూడండి. రెండో అంకె, అంటే ప్రాసెసర్ వేడి, టాస్క్ మేనేజర్‌లో కనిపించదు. కోర్ టెంప్ లేదా హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి, వాటి సొంత సైట్ల నుంచే దించుకోండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో "సెన్సర్స్ ఓన్లీ" పెట్టి తెరిస్తే వందల వరసలు వచ్చి కళ్ళు తిరుగుతాయి, కంగారు పడకండి. మీకు కావాల్సింది "సీపీయూ ప్యాకేజ్" అన్న వరస ఒక్కటే, ఏఎమ్‌డీ ప్రాసెసర్ అయితే "సీపీయూ టీసీటీఎల్/టీడై" అన్నది. ఇతరుల కోసం కూడా చెప్తున్నాను: మ్యాక్‌లో మొదటి అంకె యాక్టివిటీ మానిటర్‌లో దొరుకుతుంది. లినక్స్ వాళ్ళకి టాప్, సెన్సర్స్ అనే రెండు కమాండ్లు చాలు.

ఫ్యాన్ హోరెత్తుతూ, మీరు మాత్రం ఏ పనీ చేయనప్పుడు ఈ రెండూ చూసి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చాలా వరకు దారి చూపిస్తుంది. ఏమీ చేయకుండానే సీపీయూ 30, 40 శాతం చూపిస్తుంటే, మీకు తెలియకుండా లోపల ఎవరో పని చేస్తున్నారు. సీపీయూ 5 శాతం లోపే ఉండి, వేడి మాత్రం 75, 80 డిగ్రీలు ఉంటే, పుట్టేది కొద్ది వేడే అయినా అది బయటికి పోవడం లేదు. సీపీయూ ఖాళీగా ఉంది, వేడి కూడా 45 డిగ్రీల దగ్గరే ఉంది, అయినా ఫ్యాన్ ఊదుతూనే ఉందంటే ఫ్యాన్‌ని నడిపే వ్యవస్థ లెక్క తప్పింది. చికిత్స మూడింటికీ వేరు. ఫ్యాన్ మార్చడం అనేది ఈ మూడింటిలో దేనికీ మందు కాదు, గమనించండి.

మొదటిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దని నా సొంత అనుభవంతో చెప్తున్నాను. కొన్నేళ్ళ కిందట నా ల్యాప్‌టాప్ కూడా ఇలాగే మొదలుపెట్టింది. దుమ్మే అని తీర్మానించేశాను. ఒక ఆదివారం పొద్దున కూర్చుని అడుగు విప్పాను, ఫ్యాన్ తుడిచాను, ప్రాసెసర్ మీది పాత పేస్ట్ గీకి కొత్తది రాశాను, మళ్ళీ బిగించాను. సాయంత్రమైంది. ఆన్ చేశాను. బ్రౌజర్ తన పాత ట్యాబులన్నీ తెరుచుకుంది, రెండు నిమిషాల్లో అదే హోరు. అప్పుడు టాస్క్ మేనేజర్ తెరిస్తే తేలిందేమిటంటే, నెల రోజులుగా మూయకుండా వదిలేసిన ఒక ట్యాబ్‌లో ఏదో బొమ్మ ఆగకుండా కదులుతోంది. ఆ ట్యాబ్ మూశాను. అర నిమిషంలో గది నిశ్శబ్దం. ఆ రోజు విప్పిన పదకొండు స్క్రూల్లో ఒకటి ఇప్పటికీ దొరకలేదు.

అందుకే ముందు రీస్టార్ట్ చేయండి. షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్. ఈ రెండూ ఒకటే అనుకుంటాం గానీ, విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచుకుని, మర్నాడు అక్కడి నుంచే లేస్తుంది. ఎక్కడైనా డ్రైవర్ (లోపలి పరికరాలను నడిపే చిన్న ప్రోగ్రాము) చిక్కుపడి ఉంటే ఆ చిక్కు కూడా అలాగే లేస్తుంది. రీస్టార్ట్ కొడితే మాత్రం అన్నీ మొదటి నుంచి మొదలవుతాయి. మీరేమో షట్‌డౌన్ కూడా చేయకుండా మూత మూసేస్తున్నారు. రెండు నెలల మూటంతా అందులోనే ఉండి ఉండొచ్చు. ఇది ఒక్కటే మందు అయ్యే అవకాశం కూడా ఉంది, నవ్వకండి.

రీస్టార్ట్ తర్వాత పది నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. పై వరసల్లో యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ కనిపిస్తే అది విండోస్ సొంత యాంటీవైరస్, ఫైళ్ళు తనిఖీ చేస్తోంది. విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ కనిపిస్తే అప్‌డేట్ పని నడుస్తోంది. సెర్చ్ ఇండెక్సర్ అయితే మీ ఫైళ్ళకి సూచిక తయారుచేసుకుంటోంది. ఇవేవీ దొంగలు కాదు. చార్జర్ పెట్టి, నిద్రలోకి వెళ్ళకుండా సెట్ చేసి, ఒకటి రెండు గంటలు వదిలేస్తే వాటి పని అవి ముగించుకుంటాయి. మీరు వాడే కాసేపూ వాడి మూత మూసేస్తే పాపం ఆ పని ఎప్పటికీ పూర్తికాదు, తెరిచిన ప్రతిసారీ మిగిలింది మొదలెడతాయి. రెండు రోజులైనా అదే పేరు పైనే ఉంటే అప్పుడు అనుమానించాలి. డీటెయిల్స్ పేజీలోకి వెళ్తే సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ అనేది 95 శాతం చూపిస్తుంది, దాన్ని చూసి భయపడి ఫోన్ చేసేవాళ్ళు చాలామంది. అది పని కాదు, ఖాళీ. ఎంత ఎక్కువుంటే అంత మంచిది. మ్యాక్ వాడేవాళ్ళకి కెర్నల్ టాస్క్ అనే పేరుతో ఇలాంటి భయమే ఎదురవుతుంది. వేడెక్కినప్పుడు ఇతర ప్రోగ్రాములకి ప్రాసెసర్ అందకుండా అడ్డుపడటం దాని పనుల్లో ఒకటి. అది వేడికి కారణం కాదు, వేడి వల్ల వచ్చిన ఫలితం.

పైన బ్రౌజర్ పేరుంటే, క్రోమ్ లేదా ఎడ్జ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. బ్రౌజర్‌కి సొంత టాస్క్ మేనేజర్ ఉంది, ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) ఎంత తింటోందో విడివిడిగా చూపిస్తుంది. ఎక్స్‌టెన్షన్లను మనం ఎప్పుడో వేసి మర్చిపోతాం, అవి మనల్ని మర్చిపోవు. మీరు క్లాసులు చెప్తారు కాబట్టి ఇంకొకటి: వీడియోలో వెనక గోడ మసకగా కనిపించేలా, లేదా ఏదో బొమ్మ కనిపించేలా పెట్టుకున్నారా? మీ తల ఎక్కడ ముగుస్తుందో, గోడ ఎక్కడ మొదలవుతుందో ప్రతి ఫ్రేములోనూ లెక్క కట్టడం ప్రాసెసర్‌కి చిన్న పని కాదు. అది తీసేసి ఒక క్లాసు చెప్పి చూడండి. సాదా గోడకి పిల్లలు మార్కులేమీ తగ్గించరు.

అరుదుగా ఇంకో రకం ఉంటుంది. టాస్క్ మేనేజర్ మూసి ఉన్నంతసేపూ హోరు, తెరవగానే నిమిషంలో నిశ్శబ్దం, లోపల అనుమానించదగ్గ పేరేమీ కనపడదు. ఎవరికో క్రిప్టో నాణేలు తవ్విపెట్టడానికి మీ ప్రాసెసర్‌ని దొంగతనంగా వాడుకునే మాల్‌వేర్లు కొన్ని అలా దాక్కుంటాయి. అలా అనిపిస్తే విండోస్ సెక్యూరిటీలో ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కోవడం కష్టం.

ఇప్పుడు ఒక చిక్కు కేసు. సీపీయూ సగటున 8, 10 శాతమే, కానీ చిన్న పనికల్లా ఫ్యాన్ లేస్తుంది. ఫైలు తెరిస్తే హోరు, పేజీ జరిపితే హోరు. ఇది జబ్బు కాదు, పల్చటి ల్యాప్‌టాప్‌ల స్వభావం. ఉదాహరణకి 2022లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ5-1235యు చిప్ తీసుకోండి. దాని మామూలు విద్యుత్ లెక్క 15 వాట్లు. అవసరం పడితే టర్బో పేరుతో కాసేపు 55 వాట్ల దాకా లాగొచ్చు. బొటనవేలి గోరంత చోటులో ఒక్కసారిగా అంత వేడి పుడితే ఫ్యాన్ ఉలిక్కిపడి లేస్తుంది. టర్బో దిగిపోయినా ఫ్యాన్ వెంటనే దిగదు. మాటిమాటికీ లేచి పడుతూ ఉండకుండా కాస్త ఆలస్యంగా దిగేలానే దాన్ని తయారుచేస్తారు. కాబట్టి రెండు మూడు నిమిషాలకోసారి ఒక చిన్న ఉలికిపాటు చాలు, మనకది ఆగని హోరులా వినిపిస్తుంది.

దీనికి మందు తేలిక. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్, అక్కడ పవర్ మోడ్ "బెస్ట్ పెర్ఫార్మెన్స్" అని ఉంటే ఒక మెట్టు దించండి. చార్జర్ పెట్టినప్పుడు హోరు, తీస్తే తగ్గుదల అన్నట్టుగా ఉంటే ఇదే కారణమని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. తయారీదారు వేసి ఇచ్చిన యాప్ ఒకటుంటుంది. లెనోవోలో వాంటేజ్, ఏసుస్‌లో మైఏసుస్ లాంటివి. అందులో నిశ్శబ్దం, చల్లదనం, వేగం అంటూ మోడ్‌లు ఉంటాయి. ఎప్పుడో చేయి తగిలి అది వేగంలో పడిందేమో చూడండి. అదీ చాలకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్ లోకి వెళ్ళి మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 100 నుంచి 99కి దించండి. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. కానీ చాలా మెషీన్లలో 99 అంటే టర్బో పూర్తిగా ఆగిపోయినట్టే. టైపింగ్‌కి, క్లాసులకి తేడా పెద్దగా తెలియదు, చెవికి మాత్రం తెలుస్తుంది. కొన్ని కొత్త మోడళ్ళలో ఈ వరస కనిపించకుండా దాచేశారు. అప్పుడు పవర్ మోడ్‌తోనే సరిపెట్టుకోవాలి.

ఇక రెండో కేసు, నాలుగేళ్ళ మెషీన్ కాబట్టి మీదీ ఇదే అయ్యే అవకాశం నాకు ఎక్కువగా కనిపిస్తోంది. పని లేదు, వేడి ఉంది. ఫ్యాన్ హోరెత్తుతున్నప్పుడు గాలి బయటికొచ్చే సందు దగ్గర అరచేయి పెట్టండి. అది పక్కనో, వెనక మడత దగ్గరో ఉంటుంది. ఇంత శబ్దానికి తగ్గ గాలి చేతికి తగలాలి. శబ్దం బోలెడు, గాలి మాత్రం ఊపిరి వదిలినంత అనిపిస్తే దారి మూసుకుపోయిందన్నమాట.

లోపల ఏముంటుందో చెప్తాను. ప్రాసెసర్ మీద ఒక రాగి పలక, దాని నుంచి చదునుగా నొక్కిన ఒక రాగి గొట్టం బయలుదేరి ఫ్యాన్ పక్కకి వెళ్తుంది. ఆ గొట్టం బోలుగా ఉంటుంది, లోపల చాలా తక్కువ ఒత్తిడిలో కాసిని నీళ్ళు ఉంటాయి. వేడి వైపు ఆ నీరు ఆవిరై, చల్లటి వైపు పరుగెత్తి, మళ్ళీ నీరై, గొట్టం లోపలి వత్తి లాంటి పొర వెంట వెనక్కి పాకుతుంది. పంపు లేదు, మోటారు లేదు, ఏళ్ళ తరబడి అలా తిరుగుతూనే ఉంటుంది. చల్లటి కొసన దువ్వెన పళ్ళలా పల్చటి రేకులు ఒకదాని పక్కన ఒకటి దగ్గర దగ్గరగా ఉంటాయి. ఫ్యాన్ గాలి ఆ రేకుల మధ్య నుంచే బయటికి పోవాలి. మీరు చూడాల్సిన చోటు సరిగ్గా అది, ఫ్యాన్ ముగిసి రేకులు మొదలయ్యే సన్నటి గీత. బయటి నుంచి సందులోకి టార్చి వేస్తే రేకులు తళతళలాడుతుంటాయి, అంతా శుభ్రంగానే ఉందనిపిస్తుంది. దుమ్ము పేరుకునేది వాటికి అవతలి వైపు. బట్టల నూగు, వెంట్రుకలు, సన్నటి దుమ్ము కలిసి బూడిదరంగు కంబళి ముక్కలా తయారవుతుంది. మొదటిసారి విప్పి చూసినప్పుడు నేను అది మెషీన్‌తో పాటు వచ్చిన ఫిల్టర్ అనుకున్నాను. వేలితో లాగితే ఒకే పట్టీలా ఊడి వచ్చింది. దాని వెనక ఫ్యాన్ ఎంత ఊదితే ఏం లాభం?

మీ దిండు ఈ కంబళిని నేయడానికి బాగా సాయం చేసి ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లు గాలిని అడుగు నుంచే పీల్చుకుంటాయి. దిండు మీద పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి, పీల్చిన కాస్త గాలితో పాటు దిండు నూగు కూడా లోపలికి పోతుంది. ఒళ్ళో పెట్టుకోవాలనుకుంటే కింద గట్టి అట్ట ఏదైనా పెట్టండి.

శుభ్రం చేయడం ఎలా? అడుగు రేకు విప్పడమే సరైన పద్ధతి. వారంటీ ఇంకా మిగిలి ఉంటే మీరు చేయొద్దు, వాళ్ళకే ఇవ్వండి. లేదంటే, మీ మోడల్ పేరుతో తయారీదారు సర్వీస్ మాన్యువల్ దొరుకుతుందేమో చూడండి, చాలా కంపెనీలు పెడతాయి. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపి, చార్జర్ తీసి, ఒక కాగితం మీద అడుగు భాగం బొమ్మ గీసుకుని, ఏ స్క్రూ తీస్తే దాన్ని బొమ్మలో అదే చోట టేపుతో అంటించండి. పొడుగు స్క్రూ పొట్టి స్క్రూ చోట బిగిస్తే పై భాగానికి గుచ్చుకుంటుంది. (నా పదకొండో స్క్రూ పోయాక నేర్చుకున్న పద్ధతి ఇది.) మూత ఊడగానే ముందు బ్యాటరీ వంక చూడండి. దిండులా ఉబ్బి ఉంటే అక్కడే ఆగిపోండి. నొక్కొద్దు, గుచ్చొద్దు, మళ్ళీ చార్జ్ పెట్టొద్దు, తెలిసినవాళ్ళ చేత తీయించాలి. బ్యాటరీ బాగుంటే దాని కనెక్టర్ ఊడదీసి అప్పుడు పని మొదలెట్టండి.

గాలి డబ్బా (నొక్కితే గట్టిగా గాలి చిమ్మే స్ప్రే డబ్బా) వాడేటట్టయితే దాన్ని నిటారుగా పట్టుకోవాలి, వంచితే ద్రవం చిమ్ముతుంది. ఫ్యాన్ రెక్కలు తిరగకుండా ఒక పుల్లతో ఆపి ఉంచి, చిన్న చిన్న ఊదులుగా ఊదండి. వదిలేస్తే అది తన హద్దు దాటి గిర్రున తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఆ శబ్దం సరదాగా ఉంటుంది కాబట్టి అందరూ చేసే తప్పే ఇది. ఇల్లు ఊడ్చే వాక్యూమ్ క్లీనర్ వద్దు, దాని ముక్కు దగ్గర స్టాటిక్ కరెంటు పుడుతుంది. విప్పకుండా బయటి సందులోంచి ఊదితే కొన్నిసార్లు కాస్త ఉపశమనం వస్తుంది గానీ, ఆ కంబళి ఎక్కడికీ పోదు. ముక్కలై ఫ్యాన్ గదిలోకే పడుతుంది.

దుమ్ము తీశాక కూడా వేడి తగ్గకపోతే థర్మల్ పేస్ట్ సంగతి చూడాలి. ప్రాసెసర్‌కి, రాగి పలకకి మధ్య కంటికి కనపడని ఖాళీలు నింపే పేస్ట్ అది. ఏళ్ళు గడిచాక ఎండి పక్కలకి జారిపోతుంది. మార్చడం పెద్ద విద్య కాదు, కానీ మొదటిసారి ఒక్కరే చేయొద్దని నా సలహా. పక్క చిప్‌ల మీద మెత్తటి ప్యాడ్‌లు ఉంటాయి, వాటి మందం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. తప్పు మందం వేస్తే పలక ప్రాసెసర్‌కి సరిగా ఆనదు, మొదటికంటే ఎక్కువ వేడెక్కుతుంది. రాగి గొట్టం వంగినా, చిల్లు పడినా ఇక పని చేయదు. దీనికి అలవాటైన చేయి కావాలి.

మూడో కేసు, చల్లగా ఉన్నా ఊదడం, తక్కువమందికే వస్తుంది. బయోస్‌లో, అంటే విండోస్ కంటే ముందే లేచే మెషీన్ సొంత ప్రోగ్రాము సెట్టింగ్స్‌లో, ఒకసారి చూడండి. కొన్ని హెచ్‌పీ మోడళ్ళలో "ఫ్యాన్ ఆల్వేస్ ఆన్" అనే సెట్టింగే ఉంటుంది. దాన్ని ఆపితే చార్జర్ మీద ఉన్నప్పటి చప్పుడు తగ్గుతుంది. అది కాకపోతే ల్యాప్‌టాప్ ఆపి, చార్జర్ తీసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకుని వదిలి, మళ్ళీ ఆన్ చేయండి. చాలా మెషీన్లలో ఎంబెడెడ్ కంట్రోలర్ దీంతో తన లెక్క మళ్ళీ మొదలెడుతుంది. లెనోవో థింక్‌ప్యాడ్‌లలో కొన్నిటికి ఇందుకోసమే అడుగున పిన్ను దూరేంత రంధ్రం ఉంటుంది. ఆ తర్వాత బయోస్ అప్‌డేట్. తయారీదారు సైట్ నుంచే, చార్జర్ పెట్టి ఉంచి, మధ్యలో ఆపకుండా చేయాలి.

కిర్రుమనే శబ్దానికి వద్దాం. హోరు ఉన్నప్పుడు ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా ఒక పక్కకి, తర్వాత ఇంకో పక్కకి వంచి చెవి పెట్టండి. హార్డ్ డిస్క్ ఉన్న పాత మెషీన్లయితే ఈ పరీక్ష చేయొద్దు, తిరిగే డిస్క్ దెబ్బతింటుంది. మీది పల్చటిదన్నారు, లోపల ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డిస్క్) ఉందేమో టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ చూస్తే తెలుస్తుంది. వంచినప్పుడు కిర్రు మారినా, ఆగినా ఫ్యాన్ బేరింగ్ అరిగిందని అనుకోవచ్చు. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ వినిపించి, తర్వాత తగ్గినా అదే గుర్తు. ఒక్కోసారి పక్కనున్న వైరు జరిగి రెక్కకి తగులుతుంటుంది, మూత విప్పగానే కనపడుతుంది. బేరింగే అయితే నూనె చుక్క వేసే చిట్కాలు పనికిరావు, నాలుగు రోజులు ఊరుకుని మళ్ళీ మొదలెడుతుంది. ఫ్యాన్ మార్చడమే. ఫ్యాన్ మీద స్టిక్కర్‌లో పార్ట్ నంబర్ ఉంటుంది, మోడల్ పేరుతో కాకుండా ఆ నంబరుతోనే తెప్పించుకోండి. మీకు ఫ్యాన్ మార్చమని చెప్పినవారు ఈ కిర్రు వరకు రైటే. కంబళి అక్కడే ఉంచి కొత్త ఫ్యాన్ వేస్తే మాత్రం కొత్త ఫ్యాన్ కూడా అలాగే హోరెత్తుతుంది.

కూలింగ్ ప్యాడ్ గురించి మీ అబ్బాయికి నచ్చకపోయినా చెప్పాలి. లోపల దారి మూసుకుపోయి ఉంటే కింద నుంచి ఎంత గాలి తోలినా లోపలికి పోదు. పైగా గదిలో ఒకటి కాదు, రెండు ఫ్యాన్ల శబ్దం. శుభ్రం చేశాక కూడా వేసవిలో ఇబ్బందిగా ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. అంతకన్నా ముందు, ల్యాప్‌టాప్ వెనక కాళ్ళ కింద రెండు వేళ్ళ ఎత్తు ఏదైనా పెట్టి చూడండి. ప్యాడ్ ఇచ్చే లాభంలో చాలా భాగం ఈ ఎత్తే ఇస్తుంది.

ఎవరికైనా రిపేరుకి ఇవ్వాల్సి వస్తే "సౌండ్ వస్తోంది" అని ఇచ్చి రాకండి. మీరు రాసుకున్న కాగితం చూపించి, "ఖాళీగా ఉన్నప్పుడు సీపీయూ ఇంత, వేడి ఇంత, రేకుల దగ్గర దుమ్ము తీయాలి, కిర్రు వంచితే మారుతోంది" అని చెప్పండి. తిరిగి తీసుకునేటప్పుడు అక్కడే ఆన్ చేసి, అవే రెండు అంకెలు మళ్ళీ చూడండి. సీపీయూ ఖాళీగా ఉన్నప్పుడు వేడి 50ల్లోకి దిగి ఉంటే పని జరిగినట్టు. వేడి మునుపు రాసుకున్న అంకె దగ్గరే ఉంటే బయటి తుడుపు మాత్రమే జరిగింది.

ముందు రీస్టార్ట్ చేయండి, వెనక గోడ మసకను తీసేసి ఒక క్లాసు చెప్పండి, రెండు అంకెలు రాసుకోండి. తేలకపోతే ఆ అంకెలు, మోడల్ పేరు, కిర్రు ఏ వైపు వంచితే మారిందో రాసి పంపండి, మళ్ళీ చూద్దాం.